తీగ తెగితే ఎవరు కట్టాలి?

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవడం వచ్చు కానీ, రాయడం అంటే నాకు వాట్సాప్‌లో ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టడమే. ఈ వ్యాసం మాత్రం ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ పెట్టుకుని మూడు రాత్రులు కూర్చుని రాశాను. కొన్ని ఒత్తులు ఎడిటర్ అక్క సరిచేసింది. ఇంకా తప్పులు మిగిలితే అవి నావే.

నేను రాయబోయేది మన మ్యూజిక్ రూమ్‌లో ఉన్న ఎలక్ట్రిక్ గిటార్ గురించి. దాని తీగల గురించి. ఇంకా ఆ గది తలుపు వెనకాల అంటించిన ఒక రూల్ గురించి. "ఏ వస్తువు ఎవరి చేతిలో పాడైతే ఖర్చు వాళ్ళదే" అని ఎప్పుడో ఎవరో సీనియర్ ప్రింట్ తీసి అంటించారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. నేను కూడా ఈ ఏడాది మొదటి వరకు అలాగే అనుకున్నా. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. గిటార్ తీగల విషయంలో ఆ రూల్ తప్పు. దాన్ని తీసేయాలి. దాని బదులు, ఆ గిటార్ ముట్టుకునే ప్రతివాళ్ళూ తీగలు మార్చడం నేర్చుకోవాలి. ఎందుకో చెప్తాను.

ఫ్రెషర్స్ డేకి నాలుగు రోజుల ముందు రిహార్సల్. ఫస్టియర్ తమ్ముడు ఒకడు లీడ్ వాయిస్తున్నాడు. పేరు రాయను, వాడికి ఇబ్బంది. వాళ్ళ ఊళ్ళో చర్చిలో నేర్చుకున్నాడట, మా అందరికంటే బాగా వాయిస్తాడు. పాట మధ్యలో రెండో తీగని వేలితో పైకి లాగాడు, టప్ మని తెగింది. డ్రమ్స్ ఆగిపోయాయి. అందరం వాడి వైపే చూశాం. వాడు రెండు చేతులూ గిటార్ మీంచి తీసేసి, "అన్నా, నేను గట్టిగా లాగలేదన్నా" అన్నాడు.

గది తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి మాట్లాడాల్సింది నేనే. "రూల్ తెలుసు కదా తమ్ముడూ" అన్నాను. అంతే. తిట్టలేదు, గొంతు పెంచలేదు. మర్నాడు పొద్దున్న వాడు ఐదు వందల యాభై ఫోన్‌పే చేశాడు. ఆ తర్వాత రిహార్సల్‌కి రాలేదు. మెసేజ్ పెడితే "ల్యాబ్ రికార్డులున్నాయన్నా" అని రిప్లై. వాడి బదులు ఇంకొకరు వాయించాలని అనుకున్నాం. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ డబ్బుతో ఒక సెట్ తీగలు కొన్నాను. మార్చి ఇవ్వమని ఒక షాపులో అడిగితే మూడొందలు, వారం పడుతుంది అన్నారు. మాకు ఉన్నది మూడు రోజులు. సరే, నేనే మారుద్దాం అని ఆ రాత్రి గది తాళం తీసి కూర్చున్నాను. నా దగ్గర ఉన్నవి హాస్టల్ ఎలక్ట్రీషియన్ అన్న దగ్గర అడిగి తెచ్చిన కటింగ్ ప్లేయర్, ఒక పాత బనియన్ గుడ్డ, ఫోన్‌లో ట్యూనర్ యాప్.

మనది స్ట్రాటోకాస్టర్ ఆకారంలో ఉండే గిటార్. దాని బ్రిడ్జి, అంటే చెక్క మీద తీగలు వచ్చి ఆనే ఇనుప దిమ్మ, వెనకాల స్ప్రింగులతో లాగి ఉంటుంది. ముందు నుంచి తీగలు లాగుతాయి, వెనక నుంచి స్ప్రింగులు లాగుతాయి, ఆ రెండు బలాలూ సరిపోయిన చోట బ్రిడ్జి నిలబడుతుంది. అందుకే ఆరు తీగలూ ఒకేసారి తీసేయకూడదు. తీసేస్తే స్ప్రింగులదే పైచేయి అయిపోయి బ్రిడ్జి వెనక్కి వాలిపోతుంది. ఒకటి తీసి, ఒకటి ఎక్కించి, తర్వాతి దానికి వెళ్ళాలి. తీసేటప్పుడు కూడా బిగువు మీద ఉన్న తీగని నేరుగా కత్తిరించకూడదు. ముందు వదులు చేయాలి, తర్వాతే కట్ చేయాలి. లేకపోతే ఎగిరి కంట్లో గుచ్చుకోవచ్చు.

అలా ఒక్కొక్కటీ వదులు చేసి తీస్తుంటే అసలు విషయం కనిపించింది. పాత తీగలని ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూశా. మెట్ల మీద ఆనే చోటల్లా కింది వైపు గాట్లు. అంటే ప్రతి చోటా తీగ సన్నబడింది. సన్న తీగల మీద వేలితో రాస్తే ఇసుక కాగితంలా గరగర. బనియన్ గుడ్డతో ఒక్కసారి తుడిస్తే గుడ్డ నల్లగా అయింది. తమ్ముడి చేతిలో తెగిన తీగ ముక్కని కూడా వెతికి చూశాను. వాడి వేలు ఉన్న చోట తెగలేదు. బ్రిడ్జి మీద వంగే చోట తెగింది. ఆ కొస దగ్గర ఎర్రగా తుప్పు.

మనం ఇంజినీరింగ్ చదువుతున్నాం కదా, ఇది అర్థం కాని విషయమేమీ కాదు. ఎలక్ట్రిక్ గిటార్‌కి నైలాన్ తీగ పనికిరాదు, ఉక్కే కావాలి. ఎందుకంటే కింద ఉన్న పికప్‌లో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక లాంటి రాగి వైరుతో వేల చుట్లు ఉంటాయి. అయస్కాంతానికి స్పందించే తీగ దాని మీద ఊగితేనే ఆ వైరులో కరెంట్ పుడుతుంది. ఇంటర్‌లో చదివిన ఫారడే సూత్రమే. ఉక్కు అన్నాక తుప్పు ఉంటుంది. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. మన కాలేజీ ఉన్నది సముద్రం పక్కన, గాలిలోనూ తేమే. గది కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వాయించాక గుడ్డతో తుడిచే అలవాటు మనలో ఎవరికీ లేదు, నాతో సహా.

అప్పుడు సీనియర్ అన్నకి ఫోన్ చేసి అడిగాను, ఈ తీగలు ఎప్పుడు వేశారని. కాసేపు ఆలోచించి, "పోయిన ఏడాది ఫెస్ట్‌కి కాదురా, అంతకుముందు ఫెస్ట్‌కి" అన్నాడు. రోజూ వాయించేవాళ్ళు నెలకో, రెండు మూడు నెలలకో మారుస్తారు. మనది రోజుకి నలుగురైదుగురి చేతులు పడే గిటార్, ఏడాదిన్నర దాటింది.

అంటే ఆ తీగ ఆ రోజు తెగకపోతే మర్నాడు తెగేది. వాడి చేతిలో కాకపోతే నా చేతిలో తెగేది. ఏడాదిన్నర పాటు ముప్పై మంది కలిసి దాన్ని అరగదీశాం, తుప్పు పట్టించాం. బిల్లు మాత్రం కాలేజీలో చేరి రెండు నెలలైన కుర్రాడికి ఇచ్చాం.

ఇక్కడితో ఆగితే నేను ఏదో మంచివాణ్ణి అనుకుంటారు. ఆ రాత్రి ఇంకొకటి జరిగింది. అది కూడా రాయాలి.

ఐదు తీగలు బాగానే ఎక్కాయి. ఆఖరుది ఒకటో తీగ, అన్నిటికంటే సన్నది. సెట్ మీద 10 అని రాసి ఉంటుంది, అంటే దాని మందం అంగుళంలో వెయ్యింట పది వంతులు, మిల్లీమీటర్‌లో పావు వంతు. దాన్ని ఈ స్వరానికి బిగించాలి, సుమారు 330 హెర్ట్జ్. నేను ఫోన్ వైపు కాకుండా తల మీద చుట్టు సరిగ్గా పడుతోందా అని చూస్తూ తిప్పుతున్నాను. మళ్ళీ ఫోన్ చూసేసరికి యాప్ ఎఫ్ అనో జీ అనో చూపిస్తోంది. అప్పుడు ఆగి వెనక్కి తిప్పాలి. నేనేమో ఇంకా ఈ రాలేదనుకుని పైకే తిప్పుతూ పోయాను. ఇంటర్ ల్యాబ్‌లో సోనోమీటర్ గుర్తుందా? తీగ పొడవు మారకపోతే, ఫ్రీక్వెన్సీ బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. కింద దాటేసిన ఈ స్వరం పైన మళ్ళీ రావాలంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపవ్వాలి, దానికి బిగువు నాలుగు రెట్లు కావాలి. పావు మిల్లీమీటర్ తీగ అంత ఎక్కడ ఓర్చుకుంటుంది? టప్. కొత్త తీగ. తుప్పు లేదు, గాటు లేదు. ఇది మాత్రం వంద శాతం నా తప్పే. ఈఏపీసెట్‌లో ఆ ఫార్ములా మీద వచ్చిన లెక్క కరెక్ట్‌గానే చేశాను మరి!

మర్నాడు విడిగా ఒక తీగ కొని తెచ్చి వేశాను. రిహార్సల్‌లో విషయం చెప్తే అందరూ నవ్వారు. "పోన్లేరా, మొదటిసారి కదా" అన్నారు. తీగ ఖరీదు మ్యూజిక్ రూమ్ డబ్బుల్లోంచి తీసుకోమన్నారు. తలుపు వెనకాల రూల్ అలాగే ఉంది. ఎవరూ దాని వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

ఆ రాత్రి హాస్టల్లో పడుకున్నాక తట్టింది. తప్పు లేనివాడు కట్టాడు, తప్పు ఉన్నవాడు నవ్వించుకుని వచ్చాడు. తేడా ఏంటి? వాడు ఫస్టియర్, నేను సెకండియర్. తాళం నా దగ్గర ఉంది.

సీఎస్ఈ వాళ్ళకి ఇంకోలా చెప్తా. గిట్‌లో బ్లేమ్ అని ఒక కమాండ్ ఉంది. ప్రతి లైనుని చివరగా ఎవరు మార్చారో చూపిస్తుంది. పేరే బ్లేమ్ కాబట్టి మనం దాన్ని నేరస్థుణ్ణి పట్టుకోవడానికి వాడతాం. కానీ అది చెప్పేది చివరగా ముట్టుకున్నది ఎవరో మాత్రమే. ఒకడు స్పేసులు సరిచేసినా ఆ లైను మీద వాడి పేరే వస్తుంది, బగ్ మాత్రం ఎప్పటి నుంచో అక్కడే ఉండొచ్చు. మన తలుపు మీద రూల్ కూడా అంతే. చివరి చేతిని పట్టుకుంటుంది, కారణాన్ని వదిలేస్తుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. ఈ రూల్ ఉన్నంతకాలం ఎవరూ గిటార్‌ని బాగుచేయరు. తీగలు నల్లబడ్డాయని తెలిసినా మార్చబోతే, మార్చేటప్పుడు ఏదైనా అయితే ఖర్చు మనదే. దానికంటే ముట్టుకోకుండా ఉండటమే తెలివి. అందరూ వాయిస్తారు, ఎవరూ విప్పరు. ఎవరో ఒకరి చేతిలో తెగేదాకా ఎదురు చూస్తాం.

నేను ఇది చెప్తే నా రూమ్మేట్స్ మూడు అభ్యంతరాలు చెప్పారు. మూడిటికీ జవాబు ఇస్తా.

మొదటిది, పాత తీగలతో కూడా గొప్పగా వాయించినవాళ్ళు ఉన్నారు కదా అని. నిజమే. అమెరికాలో మోటౌన్ పాటలకి బేస్ గిటార్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని పేరు. ఆ మొద్దు శబ్దమే ఆయనకి కావాలి. కానీ బేస్ తీగలు చాలా లావు, అవి అంత తేలిగ్గా తెగవు. పైగా అది ఆయన సొంత గిటార్, ఆయన సొంత నిర్ణయం. తెగితే పక్కవాడి దగ్గర వసూలు చేయలేదు. మనం మార్చకపోవడం నిర్ణయం కాదు, బద్ధకం.

రెండోది, షాపులో ఇస్తే పోలా అని. ఇవ్వొచ్చు. మెట్లు అరిగితేనో, వైరింగ్ పోతేనో షాపులోనే ఇవ్వాలి. కానీ తీగలు మార్చడం సైకిల్ ట్యూబ్‌లో గాలి కొట్టడం లాంటిది. రాకపోతే ప్రతిసారీ ఎవరో వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడాలి.

మూడోది, ఇవన్నీ ఫారిన్ వాయిద్యాల గొడవలు, తెలుగు మ్యాగజైన్‌లో ఎందుకు అని. దీనికి కొంచెం ఎక్కువ చెప్పాలి. పైన నేను ఫ్రెట్స్ అనకుండా మెట్లు అన్నాను, గమనించారా? మొదట ఫ్రెట్స్ అనే రాశాను. ఎడిటర్ అక్క వాళ్ళమ్మగారు వీణ వాయిస్తారట. వీణకి వాటిని మెట్లు అంటారు, తీగ బిగించే మరలని బిరడాలు అంటారు అని చెప్పింది. వీణకి 24 మెట్లు ఉంటాయి, వాటిని మైనం మీద అమరుస్తారు. ఆ మైనం కదిలితే మెట్లు మళ్ళీ అమర్చాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి. అది మనకి ఎంత దూరమని? తీగ, మెట్టు, బిరడ, శ్రుతి, అన్ని మాటలూ మన దగ్గర ముందే ఉన్నాయి. నాకే తెలియలేదు.

ఇంకొకటి. మాండలిన్ శ్రీనివాస్ గారిది పాలకొల్లు. మాండలిన్‌కి మామూలుగా జంటలు జంటలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే ఆ జంట తీగలతో కష్టం. ఆయన ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీద వాయించారు. వాయిద్యం ఫారిన్‌దే. కానీ దాని తీగలు తన సంగీతానికి ఎలా ఉండాలో ఆయన తేల్చుకున్నారు. మనం ఆయనంత వాళ్ళం కాదు, ఎప్పటికీ కాలేం. కనీసం ఉన్న ఆరు తీగలని మార్చుకోగలగాలి కదా.

ఇప్పుడు నా ప్రతిపాదన. మ్యూజిక్ రూమ్‌కి వచ్చేవాళ్ళం ముప్పై మందిమి. సెమిస్టర్‌కి తలా యాభై వేసుకుంటే పదిహేను వందలు. రెండు సెట్లకి పదకొండు వందలు, మిగిలిన నాలుగు వందలకి విడి సన్న తీగలు, సొంతంగా ఒక కటింగ్ ప్లేయర్. తలుపు వెనకాల ఆ రూల్ తీసేసి ఒక కాగితం అంటిద్దాం. తీగలు ఏ తేదీన మార్చారు, ఎవరు మార్చారు, అంతే. పక్కన మేకుకి ఒక గుడ్డ. వాయించడం అయ్యాక తీగల పైనా కిందా తుడిచి పెట్టాలి. ఒకసారి మార్చేటప్పుడు ఇద్దరు కూర్చోవాలి, ఒకరు వచ్చినవాళ్ళు, ఒకరు రానివాళ్ళు. ఫస్టియర్ వాళ్ళని ముందు కూర్చోబెడదాం. కావాలని పాడు చేస్తే, కింద పడేస్తే, అది వేరు. అప్పుడు మాట్లాడుకుందాం. తీగ తెగడం మాత్రం ఎవరి నేరమూ కాదు, దాని వయసు అయిపోవడం.

రానివాళ్ళ కోసం నేను చేసిన తప్పుల్లోంచి నాలుగు మాటలు. బిరడకి తీగ ఎక్కించేటప్పుడు తన్ని లాగి పెట్టకండి, ఆ బిరడ దాటి ఇంకో ఒకటిన్నర బిరడ దూరం అదనంగా తీగ వదలండి. అప్పుడు సన్న తీగకి రెండు మూడు చుట్లు పడతాయి. చుట్లు ఒకదాని మీద ఒకటి కాకుండా పై నుంచి కిందికి వరసగా పడాలి. శ్రుతి చేశాక తీగని మెల్లగా పైకి లాగి వదలండి, శ్రుతి దిగుతుంది. మళ్ళీ చేయండి, మళ్ళీ లాగండి. దిగడం ఆగేదాకా ఇదే పని. కొత్త తీగలు వేసిన రోజు గిటార్ శ్రుతిలో నిలబడట్లేదని మా రూమ్మేట్ గిటార్‌నే తిట్టాడు, అది తీగ సాగడం, చుట్లు సర్దుకోవడం మాత్రమే. మెట్ల చెక్కకి కొబ్బరినూనె రాయమని ఎవరైనా అంటే వినకండి. ఇక ట్యూనర్ చూసేటప్పుడు ట్యూనర్ మాత్రమే చూడండి. ఎందుకో పైన చెప్పాను.

చివరిగా తమ్ముడి సంగతి. ఫ్రెషర్స్ డే అయిపోయింది, వాడు లేకుండానే. ఆ పాట మేం వాయించలేదు, వాడిలా ఎవరికీ రాలేదు. తర్వాతి సోమవారం క్యాంటీన్‌లో కనిపిస్తే వెళ్ళి పక్కన కూర్చున్నాను. తెగిన ముక్క జేబులో పెట్టుకునే వెళ్ళాను. తుప్పు ఉన్న కొస చూపించి, "తప్పు నీది కాదు తమ్ముడూ, చూడకుండా అడిగాను, సారీ" అన్నాను. ఐదు వందల యాభై వెనక్కి పంపాను, నా డబ్బే. వాడు ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకు ఆ రోజే తెలుసన్నా, తీగ ముట్టుకుంటేనే గరగరమంది. మీరందరూ సీనియర్లు కదా, చెప్తే ఏమనుకుంటారో అని" అన్నాడు.

వాడికి తెలుసు. ముప్పై మందిలో తీగ సంగతి తెలిసినవాడు వాడొక్కడే, నోరు తెరవలేకపోయినవాడూ వాడే. ఈ మాట నేను ఇంకా మర్చిపోలేకపోతున్నా.

కాసేపాగి వాడే అడిగాడు. "ఇప్పుడు ఏ తీగలు వేశారన్నా? పదులా?" పదులే అన్నాను. "తొమ్మిదులు వేయాల్సింది, లాగడానికి తేలిక" అన్నాడు. ఈసారి అవే వేద్దాం, నువ్వే వెయ్యి అన్నాను. చూద్దాం అన్నట్టు తలూపాడు.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి మ్యూజిక్ రూమ్‌లో తీగలు మారుస్తున్నాం. వాడు వస్తాడో రాడో నాకు తెలియదు. మీరు రండి. గిటార్ రాకపోయినా పర్లేదు. పాత బనియన్ ఉంటే తెచ్చుకోండి.